ముందు ఒక పగటి ఫొటో

పాపా,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఫొటో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. గార్లదిన్నె దగ్గర మీ శనక్కాయ చేనులో నిలబడి, అడిగి తెచ్చుకున్న కెమెరాతో చుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్కను పట్టుకున్నావంటే నాకు చాలా సంతోషంగా ఉంది. అందుకే వ్యాసం గురించి ఉన్నదున్నట్టు చెప్తాను.

1997 ఏప్రిల్‌లో హేల్-బాప్ తోకచుక్కను నేను ఫిల్మ్ కెమెరాతో తీశాను. అనంతపురం బయట, పొద్దు మునిగాక, వాయవ్యం వైపు. 36 ఫొటోల రీలు. షట్టర్ తెరిచి, కేబుల్ నొక్కి పట్టుకుని, లోపల 20 లెక్కపెట్టుకోవడం. రీలు కడిగించడానికి ఇస్తే స్టూడియోలో నెగెటివ్‌ను ముక్కలుగా కోసి కవర్లో పెట్టి ఇచ్చారు. ఇంటికొచ్చి ట్యూబ్‌లైటుకు అడ్డం పెట్టి చూశాను. అన్నిటికంటే బాగా వచ్చిన ఫొటోలో కత్తెర సరిగ్గా తోక మధ్యలోంచి పోయింది. తల ఒక ముక్కలో, తోక ఇంకో ముక్కలో. నాకు ఏడుపొచ్చింది. కోసిన మనిషినీ అనలేం. చీకటి ఆకాశం నెగెటివ్‌లో ఖాళీగా ఉంటుంది, ఒక ఫొటో ఎక్కడ అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలైందో కనిపించదు. తర్వాత అనుభవం ఉన్న ఒకాయన చెప్పాడు: రీలు ఎక్కించగానే మొదటి ఫొటో పగటిపూట తియ్యాలి, ఇల్లో చెట్టో ఏదో ఒకటి. దాని అంచు చూసి మిగతావన్నీ కొలుచుకుని కోస్తారు.

నీ వ్యాసంలో ఆ పగటి ఫొటో లేదు. 'అనంత విశ్వం' అని మొదలుపెట్టావు. ఎక్కడున్నాం, ఏ దిక్కు చూస్తున్నాం, ఎన్ని గంటలైంది, ఏమీ తెలియకుండా రెండు పేజీలు చీకట్లో నడిచాను. మూడో పేజీలో, దారిన పోతూ అన్నట్టు, ఒక్క వాక్యం రాశావు. అడవిపందుల కావలికి చేనులో పడుకున్న మీ నాయన తెల్లవారుజామున నిన్ను లేపి, "ఇది వేగుచుక్క కాలం కాదు గదా, ఆ తెల్లంగ ఉండేది ఏంది పాపా?" అన్నాడని. నేను అక్కడ ఆగిపోయాను. వేగుచుక్క అంటే శుక్రుడే, 2024 సెప్టెంబరు చివర్లో సాయంత్రం పడమటే కనిపించేవాడు. ఆ సంగతి ఏ యాప్‌లోనూ చూడకుండా మీ నాయనకు తెలుసు. తూర్పు, వేకువ, చేను, ఆ మనిషి, నాలుగూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

ఇక కొన్ని తప్పులు. 'దూసుకుపోతోంది' అన్నావు. నువ్వు గంటసేపు చూశావు కదా, దూసుకుపోయిందా? ఉల్కకైతే ఆ మాట చెల్లుతుంది. తోకచుక్క చుక్కలతో పాటే మెల్లగా పైకి వస్తుంది. అది కదిలిన సంగతి మరుసటి రోజు చుక్కల మధ్య చూస్తేనే తెలుస్తుంది. తోక వెనక ఎగురుతోందనీ రాశావు. తోక ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కుకే ఉంటుంది, దాన్ని తోసేది సూర్యుడి వెలుగూ, సూర్యుడి నుంచి వచ్చే కణాల గాలి సౌరపవనమూ. నీ తోకచుక్క సెప్టెంబరు 27న సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చి వెనక్కి మళ్లింది. వెనక్కి పోయేటప్పుడు తోకే ముందుంటుంది. ఎంత బాగుంటుందో చూడు ఆ మాట రాస్తే! 80,000 ఏళ్లకు మళ్లీ వస్తుందన్నది తీసెయ్యి. మళ్లీ వస్తుందన్న ఖాయం లేదు.

కెమెరా సెట్టింగులు ఒక పేరా నిండా ఉన్నాయి. ఐఎస్ఓ, ఎఫ్ నంబరు ఫొటో కింద పెట్టు చాలు. షట్టర్ 6 సెకన్లు తెరిచావన్నది మాత్రం ఉంచు, ఎందుకో చెప్పు: భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, 50 ఎంఎం లెన్స్‌తో అంతకంటే ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్కలు గీతలవుతాయి. నీకు ఫోకస్ దొరకక టెన్షన్ పడ్డావే, స్క్రీన్ మీద ఒక చుక్కను పెద్దది చేసి, అది సూదిమొనంత అయ్యేదాకా రింగును వెంట్రుకవాసి తిప్పుతూ కూర్చున్నావే, దాన్ని ఇంకా పెంచు.

ఇంకొకటి, ఇది నాకు ముఖ్యం. ఫొటోలో అంత పొడుగు తోక 40 ఫొటోలు కలిపితే వచ్చింది. వ్యాసంలో మాత్రం కంటితోనే అలా చూసినట్టు రాశావు. కంటికి కనిపించింది సున్నం చేత్తో తుడిచినట్టు ఒక చిన్న మరక అని నాకు ఫోన్లో చెప్పావు. ఆ మరకను రాయి. 40 ఫొటోల సంగతీ రాయి. చదివినవాళ్లు రేపు ఇంకో తోకచుక్క కోసం మేడెక్కితే, మరక చూసి మోసపోయామనుకోకూడదు.

హాలీ తోకచుక్క గురించి రాసిన పేరా అందరూ రాసేదే. దాని బదులు ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు గురించి నాలుగు మాటలు రాయొచ్చు. హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసే నాన్న పక్కన ఆకాశం చూస్తూ పెరిగినవాడు, 1949లో హార్వర్డ్‌లో చదువుకుంటూ ఫొటో ప్లేటు మీద కొత్త తోకచుక్కను కనిపెట్టాడు. మీ నాయన ఉన్న వ్యాసంలో ఆయన బాగా కుదురుతాడు.

ఈ ఆదివారం మీ నాయన దగ్గర కూర్చుని అడుగు, ఆ చుక్క మొదట ఏ చెట్టు మీద కనిపించిందో, ఆయన ఎంతసేపు ఒక్కడే చూసి నిన్ను లేపాడో. ఆయన మాట ఆయన మాటలాగే రాసి నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు
అనంతపురం