రోరోస్ పట్టణ చిహ్నంలో ఆడవారి గుర్తు ఎందుకుంది?

అది స్త్రీ గుర్తుగా పెట్టింది కాదు, రాగి గుర్తు. నార్వేలోని రోరోస్ రాగి గనుల ఊరు. 1644లో మొదలైన కంపెనీ 1977లో దివాలా తీసి మూతపడింది. చిహ్నంలో పైన ఆ గుర్తు, కింద ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టిన రెండు పనిముట్లు ఉంటాయి.

పాతకాలపు ఐరోపా రసవాదులు ఒక్కో లోహాన్ని ఒక్కో గ్రహానికి కట్టబెట్టారు. రాగి శుక్రుడి వాటాకొచ్చింది, అలా శుక్రుడి గుర్తే రాగి గుర్తూ అయింది. వాళ్ల లెక్కలో శుక్రుడంటే వీనస్ దేవత. రాగికి పేరుపడ్డ సైప్రస్ దీవి కూడా ఆవిడదే. (మన జ్యోతిష్యులైతే రాగిని సూర్యుడికి ఇచ్చారు!) ఆ గుర్తును ఆడజాతికి వాడటం 18వ శతాబ్దంలో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ మొదలుపెట్టాడు. అంటే రోరోస్ గనులు తవ్వడం మొదలయ్యాక వందేళ్లకి.

కింద ఉన్నవి రెండూ సుత్తులేనని చాలామంది పొరబడతారు. ఒకటే సుత్తి. రెండోది పిడి ఉన్న ఉలి, ఒక కొస మొనదేలి ఉంటుంది. ఎడమచేత్తో దాని మొనను రాతికి ఆనించి, కుడిచేతి సుత్తితో వెనక కొడతారు. పిడి ఉండబట్టి దెబ్బ అదురు చేతికి అంతగా తెలియదు. జర్మన్ గనివాళ్ల నుంచి వచ్చిన ఈ జోడీ ఐరోపా గనుల ఊళ్లలో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. రోరోస్‌ది అని చెప్పేది పైనున్న రాగి గుర్తే.

నిజానికి ఇది మొదట కంపెనీ ముద్ర. 1784 నాటి చర్చి గోపురం మీద కూడా ఇదే ఉంది. ఊళ్లో పెత్తనం ఎవరిదో వేరే చెప్పాలా?