ఆ ఉత్తరం నువ్వు రాయకు

మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

క్రైం బీట్ వదిలేసి పాత హత్య కేసుల మీద పుస్తకం రాస్తానన్నావట. ఆపమని మీ అమ్మ ఫోన్ చేసింది. నేనెలా ఆపుతాను, ఆ పని చేసినవాణ్ణే కదా! కానీ ఎంచుకున్నది పిఠాపురం నూకరాజు కేసు కాబట్టి నాలుగు ముక్కలు చెప్పాలి.

మొదటి అధ్యాయం చదివాను. 1937 మార్చి 23, మంగళవారం మధ్యాహ్నం, పూరీ స్టేషన్‌. థర్డ్ క్లాసు బోగీలో ఎవరూ దించుకోని ఇనప ట్రంకు, అందులో ఏడు ముక్కలుగా నూకరాజు. శవం దొరికిన చోట వార్త మొదలవుతుంది, ఆ అలవాటు నీకింకా పోలేదు. నన్నడిగితే ఈ కథ అప్పు దగ్గర మొదలవ్వాలి.

పిఠాపురం దివానుగారి దగ్గర బంట్రోతుగా చేసినవాడు నూకరాజు. ఆ దివాను కూతురే, అంటే తర్వాత ఈ హత్యకి ముద్దాయి అయిన పాకాల నారాయణస్వామి భార్యే, అతని దగ్గర 1936లో కొంచెం కొంచెంగా 3,000 రూపాయలు అప్పు చేసింది. ఏడాదికి నూటికి 18, అంటే మన లెక్కలో రూపాయిన్నర వడ్డీ. ఆమె సంతకంతో ఉన్న ఉత్తరాలూ చీటీలూ ఓ యాభై అతని ఇంట్లో దొరికాయి. ఆ కట్ట ముందు ఓ పూట కూర్చో. గుమ్మం బయట చేతులు కట్టుకు నిలబడ్డవాడికి అమ్మగారు చీటీ రాయడమంటే మాటలా? రాసిన ప్రతిసారీ చెయ్యి కాస్త వణికే ఉంటుంది... చూశావా, నేనే కల్పించేశాను. చెయ్యి వణికిందని ఏ సాక్షీ చెప్పలేదు. కొట్టెయ్.

నీ రెండో అధ్యాయంలో జరిగిందీ ఇదే. మార్చి 20న నూకరాజుకి వచ్చిన ఉత్తరాన్ని పొల్లుపోకుండా దించావు. ఎక్కణ్ణుంచమ్మా? ఆ ఉత్తరానికి సంతకం లేదు, అందులో ఏముందో కోర్టులోనే సరిగ్గా రుజువు కాలేదు. మనకున్నదల్లా అతని భార్య చెప్పిన మాట: బాకీ ఇస్తాం రమ్మని పాకాల నారాయణస్వామి భార్య రాసిందని చెప్పి, మర్నాడు బరంపురం బండికి బయల్దేరాడు. ఆ ఒక్క మాట లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా, అంటే ఆ రోజుల్లో మన ఆఖరి అప్పీలు కోర్టు దాకా వెళ్లింది. అప్పటికి చావు ఊహలో కూడా లేని మనిషి మాటైనా సరే, చావుకి దారితీసిన పరిస్థితుల్లో భాగమే, అప్పటి సాక్ష్య చట్టం సెక్షన్ 32 కింద సాక్ష్యంగా చెల్లుతుందని 1939లో అక్కడి జడ్జి లార్డ్ అట్కిన్ తేల్చాడు. నారాయణస్వామి అప్పీలు కొట్టేశారు. మన లాయర్లు ఇప్పటికీ ఆ తీర్పు చూపిస్తారు. అంత బరువు మోసిన మాట పక్కన నీ సొంత ఉత్తరం పెడితే దాన్ని తేలిక చేసేసినట్టే.

నా మొదటి పుస్తకంలో ఓ ముద్దాయికి ఉరికి ముందురాత్రి కల వచ్చినట్టు రాశాను. మనవడు ఫోన్ చేశాడు. "మా తాత కల మీకెవరు చెప్పారు సార్?" అన్నాడు, కోపంగా కూడా కాదు. రెండో ముద్రణలో తొమ్మిది పేజీలు తీసేశాను.

కలలూ వణుకులూ నీ సైకలాజికల్ థ్రిల్లర్ కోసం దాచుకో. దానికి వేరే నోట్‌బుక్ పెట్టు. ఊరు మార్చు, అప్పు మార్చు, కావాలంటే హంతకుణ్ణీ మార్చు. రెండు నోట్‌బుక్కులూ ఒకే సంచిలో మాత్రం పెట్టకు, రాత్రి పదకొండు దాటాక ఏది ఎందులోంచి తీశామో గుర్తుండదు.

కాగితాల కోసం మద్రాసు పరిగెత్తకు. 1936 ఏప్రిల్‌లోనే బరంపురం మద్రాసు నుంచి విడిపోయి ఒరిస్సాలో కలిసింది. ఒరిస్సాకి 1948 దాకా సొంత హైకోర్టు లేదు, అందుకే లండన్ కంటే ముందు అప్పీలు పట్నా హైకోర్టులో నడిచింది. ప్రివీ కౌన్సిల్‌కి సాక్ష్యాలన్నీ అచ్చువేయించి పంపేవాళ్లు, దాని ప్రతి కోసం వెతుకు. పిఠాపురం వెళితే మొదటి రోజు రికార్డర్ బయటికి తీయకు. కాఫీ ఇస్తే తాగి వచ్చెయ్.

రూపాయిన్నర వడ్డీ అధ్యాయం పూర్తయ్యాక నాకు పంపు. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

మావయ్య