టోకెన్ కట్టే ముందు నాకో మాట చెప్పు

చెల్లాయికి,

ఆశీస్సులు. నువ్వు వృద్ధుల హోమ్‌లో చేరదామనుకుంటున్నావని నిన్న మీ అమ్మాయి ఫోన్లో చెప్పింది. వినగానే ఏడుపొచ్చింది. కాసేపయ్యాక గర్వంగానూ అనిపించింది. డెబ్బై ఒకటో ఏట, ఎవరూ వెళ్ళమనకుండా, ఎవరి మీదా అలగకుండా, కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే నీ సంగతి నువ్వే తేల్చుకున్నావు. మన ఇంట్లో ఏ ఆడదీ ఇంత ధైర్యం చేయలేదు. కానీ నాతో మాటైనా అనకుండా శంకరపల్లి దాకా వెళ్ళి గది చూసొచ్చావట, ఒకటో తారీఖున టోకెన్ కడతానన్నావట. దానికి మాత్రం కోపంగా ఉంది. ఉద్యోగమంతా ఆసుపత్రి వార్డుల్లో గడిపిన అక్క ఉండగా ముందు నన్ను అడగొద్దూ?

ఒక పూట భోంచేసి చూడు. చెప్పకుండా ఇంకోసారి వెళ్ళు. చేరేముందు ఓ నెల ఉండి చూస్తానను. నెలనెలా కట్టేదాంట్లో ఏమేం కలిసి ఉన్నాయో, ఏటా ఎంత పెంచుతారో రాసివ్వమను. ఇవన్నీ నీకూ తెలిసినవే.

నా భయం వేరే. నువ్వు మంచాన పడితే వాళ్ళేం చేస్తారు?

పెద్దన్నయ్య సంగతి నీకు సగమే తెలుసు. నువ్వప్పుడు కోడలి పురిటికి డల్లాస్ వెళ్ళావు. అన్నయ్యా వదినా ఇల్లు అమ్మేసి హోమ్‌లో చేరినప్పుడు అందరం వెళ్ళి చూసి మురిసిపోయాం. చుట్టూ మామిడితోట, లోపలే గుడి, సాయంత్రం భజన, అన్నంలోకి రోజూ ఏదో ఒక రోటిపచ్చడి. అన్నయ్య తోటంతా తిరిగాడు, లైబ్రరీలో ఏ పేపర్లు వస్తాయో కూడా అడిగాడు. అగ్రిమెంటు మాత్రం చదవకుండా సంతకం పెట్టాడు. ఇంగ్లీషులో పన్నెండు పేజీలుంటే ఎవరు చదువుతారమ్మా అన్నాడు నాతో. ఊళ్ళో సగం మందికి దస్తావేజులు చదివి పెట్టిన మనిషి!

రెండో ఏడు వదినకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. ఆసుపత్రి నుంచి డిశ్చార్జి చేస్తామన్న రోజు హోమ్ మేనేజరు అన్నయ్యకి ఫోన్ చేసి, మేడమ్‌ని ఇక్కడికి తీసుకురావద్దు సార్, మా దగ్గర నర్సింగ్ లేదు అన్నాడు. అప్పుడు కాగితాలు తీసి చూశాం. తన పనులు తాను చేసుకోలేని స్థితి వస్తే కుటుంబం తీసుకెళ్ళాలని తొమ్మిదో పేజీలో ఉంది. డిపాజిట్ ఆ గదిలోకి కొత్తవాళ్ళు చేరాకే తిరిగిస్తారని కూడా ఉంది. వెనక్కి పోదామంటే ఇల్లు లేదు.

వదినని సిటీలో ఇంకో చోట పెట్టారు. అక్కడ నర్సులున్నారు గానీ అన్నయ్యకి చోటు లేదు. రోజూ పొద్దున్నే రెండు బస్సులు మారి వెళ్ళేవాడు, చీకటి పడేలోగా వెనక్కి వచ్చేవాడు. వదినకి అన్ని మాటలూ పోయినా 'ఏమండీ' ఒక్కటి మిగిలింది. రాత్రిళ్ళు అదే పనిగా పిలుస్తోందని అక్కడి ఆయా నాకు చెప్పింది. అన్నయ్యకి నేను చెప్పలేదు, నువ్వూ ఇప్పుడు ఎవరికీ చెప్పకు. అంతకాలం కలిసి బతికినవాళ్ళని ఒక్క పేజీ విడదీసింది. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

అందుకే చెప్తున్నా. ఈసారి వెళ్ళినప్పుడు తోట చూడకు. మంచం పట్టినవాళ్ళు ఏ గదిలో ఉన్నారో చూపించమను. అలాంటివాళ్ళెవరూ మా దగ్గర లేరంటే, పడిపోయినవాళ్ళని ఎక్కడికి పంపించారని అడుగు. ఉంటే, బంధువుల అనుమతితో లోపలికెళ్ళి పలకరించు. వాళ్ళ గోళ్ళు చూడు. పెదాలు ఎండి అట్ట కట్టాయేమో చూడు. మంచినీళ్ళ గ్లాసు పడుకున్నవాళ్ళ చెయ్యి ఆడే వైపు ఉందా, గోడవారగా ఎక్కడో ఉందా? తమంతట తాము కదల్లేని వాళ్ళని రెండేసి గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే నడుం కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. అవి ఒకసారి లోతుకి దిగాయంటే మానడం చాలా కష్టం. రాత్రి రెండింటికి తిప్పేదెవరో అడుగు. ఎంతమందికి ఒక ఆయా అని అడుగు. బాత్రూంలో బెల్లు నొక్కి, ఎంతసేపటికి వస్తారో వాచీ చూసుకో. ఆ బెల్లు కింద పడిపోయిన మనిషి చేతికి అందేట్టు ఉండాలి, నిలబడినవాళ్ళకి అందితే చాలదు. నీ ఈహెచ్ఎస్ కార్డు, అదే ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య పథకం కార్డు, చెల్లే ఆసుపత్రి అక్కడికి ఎంత దూరమో కూడా కనుక్కో.

ఫ్లాటు అబ్బాయి పేరున రాసేస్తానన్నావట. ఒద్దు. మంచాన పడ్డాక మనిషిని పెట్టుకోవాలన్నా, డైపర్లు కొనాలన్నా విడిగా ఖర్చే, ఆ డబ్బు నీ చేతిలోనే ఉండాలి. వీలునామా రాసుకో, అది ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గిఫ్ట్ డీడే రాస్తానంటే, నీ బాగోగులు చూడాలన్న షరతు అందులోనే పెట్టించు. తల్లిదండ్రుల కోసం 2007లో వచ్చిన చట్టంలో 23వ సెక్షన్ ఉంది. షరతు పెట్టి రాసిచ్చాక చూడకపోతే ఆ రాతను రద్దు చేయమని ఆర్డీవో ట్రిబ్యునల్‌లో అడగొచ్చు. ఆ షరతు ఉండి తీరాలని 2022లో సుప్రీంకోర్టు కూడా అంది. మీ అబ్బాయి బంగారం, నాకు తెలుసు. అయినా రాయించు. పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567 కూడా ఫోన్లో వేసి ఉంచుకో.

లోకల్ గార్డియన్ ఎవరని అడుగుతారు. ఆ ఖాళీలో పక్కింటివాళ్ళ పేరు రాయకు. మా అబ్బాయి పేరు రాయి. వాడిని అడిగాను, అర్ధరాత్రి ఫోన్ వచ్చినా వస్తాను పిన్నీ అని చెప్పమన్నాడు. అక్కడ నీకు సరిపడకపోతే మా ఇంటికి వచ్చెయ్యి, ముందు గది నీదే. అలాగని మొహమాటంతో ఇక్కడే ఉండిపోనక్కర్లేదు, మంచి చోటు దొరికితే సంతోషంగా వెళ్ళు.

అగ్రిమెంటు ప్రతి పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. మంచాన పడ్డా అక్కడే ఉంచుకుంటామన్న లైను లేకపోతే రాసి కలపమను. నేను చదివి ఫోన్ చేసేదాకా టోకెన్ కట్టకు. ఈసారి వెళ్ళేటప్పుడు నన్నూ తీసుకెళ్ళు. మోకాళ్ళు నొప్పులైనా కారులో కూర్చోగలను, ఆ గదిలోకి నేనే వెళ్ళి చూస్తాను.

ఇట్లు
నీ అక్క