ఒకే వైరు కాయిల్‌కి మూడు పేర్లు

ప్రశ్న: మాది విజయవాడలో ఎలక్ట్రికల్ హోల్‌సేల్. షాపు కౌంటరులో ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, అకౌంట్లకి ట్యాలీ, ఆటోనగర్ గోడౌన్‌లో ఎక్సెల్ షీటు. ఖమ్మంలో తమ్ముడు చూసుకునే బ్రాంచిలో ఇంకో సాఫ్ట్‌వేర్. ఆర్డర్లేమో వాట్సాప్‌లో. ఏ నెలా లెక్క కలవదు. అన్నీ ఒకే క్లౌడ్ సిస్టమ్‌లోకి (ఇంటర్నెట్ ద్వారా అన్ని చోట్ల నుంచీ వాడుకునే సాఫ్ట్‌వేర్) మారుద్దామంటే, అమ్మేవాళ్లు రెండు రోజుల్లో డేటా మొత్తం ఎక్కించేస్తాం అంటున్నారు. నాన్నగారి కాలం నుంచి ఉన్న గుమాస్తా గారు వద్దంటున్నారు. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మారండి, తప్పకుండా మారండి. రెండు రోజుల్లో మాత్రం వద్దండి. ఎక్కించడానికి రెండు రోజులు చాలు, నిజమే. ఎక్కించే ముందు ఆ డేటాని బాగుచేసుకోవడానికి నెలో నెలన్నరో పడుతుంది, అది మీ మనుషులు కూర్చుని చెయ్యాల్సిన పని, బయటివాళ్ల వల్ల కాదు.

ఒక్క వస్తువు తీసుకుని చూడండి. ఎర్ర వైరు, 1.5 సైజు. కౌంటరులో దాని పేరు ‘1.5 రెడ్’ అనుకుందాం, ట్యాలీలో ‘వైర్ 1.5 ఆర్‌డీ’, గోడౌన్ షీట్లో ‘ఎరుపు చిన్నది’. కౌంటరులో మీటర్ల లెక్కన కోసి అమ్ముతారు, గోడౌన్‌లో కాయిళ్లు లెక్కపెడతారు, కాయిల్‌కి 90 మీటర్లు. ఇదంతా ఉన్నదున్నట్టు ఎక్కిస్తే కొత్త సిస్టమ్‌లో మూడు వేరే వేరే వస్తువులు పుడతాయి, ఒకదాంట్లో స్టాకు మైనస్‌లోకి పోతుంది, ఇంకోదాంట్లో ఎవరూ అమ్మని 40 కాయిళ్లు అలాగే కనిపిస్తుంటాయి. మీ లెక్కలు ఇప్పుడు కలవకపోవడానికి కారణమూ ఇదే. క్లౌడ్‌లో పెట్టినంత మాత్రాన ఇది సర్దుకోదు.

‘ఎరుపు చిన్నది’ అంటే ఏ కంపెనీ, ఏ సైజు అన్నది ఎవరికి తెలుసు? మీ గుమాస్తా గారికి. అందుకే ఆయన్ని పక్కన పెట్టి ఈ పని మొదలుపెట్టకండి. వస్తువుల జాబితా, పార్టీల (మీ దగ్గర కొనేవాళ్లు, మీకు అమ్మేవాళ్లు) జాబితా ఆయన చేతికిచ్చి, పక్కన కంప్యూటర్ తెలిసిన కుర్రాణ్ణి కూర్చోబెట్టండి. ఒక వస్తువుకి ఒకే పేరు, ఒకే యూనిట్, సరైన హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్టీలో ఆ రకం సరుకుకి ఇచ్చిన నంబరు). కాయిల్ అంటే ఎన్ని మీటర్లో కూడా అక్కడే రాసేయాలి. ఆయన వద్దంటున్నారంటే భయపడి అంటున్నారేమో కనుక్కోండి, తన అవసరం ఇక ఉండదని పెద్దవాళ్లకి లోపల బాధగా ఉంటుంది.

ఇక ఖమ్మం సంగతి. రాష్ట్రాలు వేరు కాబట్టి మీ జీఎస్టీ నంబరు 37తో మొదలవుతుంది, ఖమ్మం బ్రాంచిది 36తో. పాన్ ఒకటే అయినా జీఎస్టీ దృష్టిలో అవి ఇద్దరు వేరే వ్యక్తులు. ఆటోనగర్ నుంచి షాపుకి సరుకు డెలివరీ చలానా (పన్ను వేయకుండా సరుకు పంపే చీటీ) మీద వెళ్తుంది, గోడౌన్‌ని మీ రిజిస్ట్రేషన్‌లో అదనపు స్థలంగా చూపించి ఉండాలి. ఖమ్మం పంపితే మాత్రం ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే సరుకు మీద పడే జీఎస్టీ) వేసి బిల్లు కొట్టాలి, సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) కూడా. మీ మొత్తం టర్నోవర్ 5 కోట్లు దాటిందంటే దానికి ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసిన బిల్లు) కూడా కావాలి, ఆ టర్నోవర్ పాన్ మీద చూస్తారు కాబట్టి రెండు బ్రాంచిలదీ కలిపే లెక్క. చాలామంది రెండిటినీ ఒకే కంపెనీ కింద రెండు గోడౌన్లుగా పెట్టేసి స్టాకు అటూ ఇటూ జరిపేస్తుంటారు, పన్ను పడదు, ఆ తర్వాత నోటీసు వస్తే టెన్షన్. డెమోలో వేరేవేమీ అడక్కపోయినా ఇదొక్కటి అడగండి: “విజయవాడ నుంచి ఖమ్మానికి పది కాయిళ్లు నా ముందు పంపించి చూపించండి” అని.

ఎప్పుడు మారాలంటే అందరూ ఏప్రిల్ 1 అంటారు. లెక్కలకి అది మంచి రోజే, కానీ మీకు ఫ్యాన్ల సీజన్, కౌంటరు దగ్గర ఊపిరి సలపదు. ఒకసారి ఒక హోల్‌సేల్ షాపుని నేనే దసరా వారంలో మార్పించాను. గిరాకీ నిలబడి ఉండగా షాపు కుర్రాళ్లు కొత్త స్క్రీన్‌లో వస్తువు వెతకలేక చీటీల మీద రాసిచ్చారు, ఆ చీటీలు ఎక్కించడానికి మూడు వారాలు పట్టింది, కొన్ని దొరకనే లేదు. ఆ తప్పు నాది, ఇప్పటికీ బాధే. అందుకే మీకు ఆషాఢం మంచిదంటాను. గృహప్రవేశాలుండవు, కౌంటరు కాస్త ఖాళీ. ఆ నెలలో వచ్చే ఒకటో తేదీ పెట్టుకోండి. ముందు ఆదివారం షట్టరు దించి సరుకు చేత్తో లెక్కపెట్టండి, ఆ తర్వాత రెండు మూడు రోజుల రాకపోకలు కలుపుకుని ఆ అంకెనే ఓపెనింగ్ స్టాకుగా (మొదటి రోజు నిల్వగా) వేయండి, పాత సాఫ్ట్‌వేర్ చూపించేది కాదు. ఏడాది మధ్యలో మారుతున్నారు కాబట్టి బిల్లు నంబర్లకి కొత్త సిరీస్ పెట్టి మీ సీఏ గారికి చెప్పండి, ఒకే ఆర్థిక సంవత్సరంలో ఒక నంబరు రెండుసార్లు రాకూడదు.

పాత సంవత్సరాలన్నీ లాక్కురావద్దు. రావాల్సిన బాకీలు, ఇవ్వాల్సినవి బిల్లువారీగా తెచ్చుకుంటే చాలు. పాత డేటా తెరుచుకునేలా దాచాలి మరి, వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలల పాటు రికార్డులు ఉంచాలని చట్టం.

ప్రశ్న: మా కిరాణా షాపుకి క్లౌడ్ బిల్లింగ్ పెట్టాలనుంది. నెట్ పోతే ఎలా?
— ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: రౌటర్ని ఇన్వర్టర్ మీద పెట్టండమ్మా, చాలాసార్లు పోయేది నెట్ కాదు, కరెంటు. ఫోన్ హాట్‌స్పాట్ రెండో దారిగా ఉంచుకోండి. అయినా కొనేముందు మీ కౌంటరు మీదే డెమో పెట్టించి, బిల్లు సగంలో ఉండగా నెట్ వైరు పీకేయమనండి. పది నిమిషాలు అలాగే బిల్లులు కొట్టి, మళ్లీ వైరు పెట్టాక అవన్నీ ఒక్కటి కూడా పోకుండా, రెండుసార్లు పడకుండా ఎక్కాయా అని లెక్కపెట్టుకున్నాకే డబ్బు కట్టండి.