కార్తీక పున్నమి దాకా వాయిదా వేసిన మణికట్టు

ప్రశ్న: మాది హనుమకొండ. నా వయసు 32. సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుతున్నాను. వినాయక చవితికి ముందురోజు పాకాల నుంచి వస్తుంటే గేదె అడ్డం వచ్చి బండి జారింది, కుడి అరచెయ్యి నేలకు ఆనించి పడ్డాను. మరునాడు ఎక్స్‌రే తీస్తే ఎముక విరిగినట్టు కనిపించలేదు. పది రోజుల తరువాత మళ్లీ రమ్మన్నారు, నేను వెళ్లలేదు. బొటనవేలి మొదట్లో నొప్పి ఇంకా ఉంది. అయినా వానలు వెనక్కి పట్టినప్పటి నుంచి ప్రతి ఆదివారం బండి మీద రామప్పకో లక్నవరానికో వెళ్తున్నాను. కార్తీక పున్నమికి నాన్న బండి మీద కాళేశ్వరం వెళ్లిరావడం మా ఇంటి ఆనవాయితీ. ఆయన పోయి రెండేళ్లయింది. ఆ ప్రయాణం అయ్యాక చూపించుకుంటానంటే నా భార్య వినడం లేదు. బతుకమ్మకు పాపను తీసుకుని జనగామలోని పుట్టింటికి వెళ్లింది, దసరా దాటి వారమైనా తిరిగి రాలేదు. రెండో ఎక్స్‌రే కూడా తీయించానని, అంతా బాగుందని ఆమెకు అబద్ధం చెప్పాను. చేతికి కట్టు వేస్తే దుకాణం మూతపడుతుంది. ఆమెకు ఎలా నచ్చజెప్పాలి మేడమ్?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగింది భార్యకు నచ్చజెప్పే మార్గం. కానీ చదువుతున్నప్పుడు నేను ఆగిపోయింది బొటనవేలి మొదట్లో నొప్పి ఇంకా ఉందన్న వాక్యం దగ్గర. నేను వైద్యురాలిని కాను. ఇంట్లో మాటలు తెగిపోయిన వారిని మళ్లీ మాట్లాడించడమే నా పని. అయినా మీ చెయ్యి సంగతి తేలకుండా మీ సంసారం సంగతి తేలదు కనుక ముందు దాని గురించే రాస్తున్నాను.

అరచెయ్యి ఆనించి పడినప్పుడు, మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకలలో తరచుగా విరిగేది స్కాఫాయిడ్ అనే ఎముక. జీడిపప్పు ఆకారంలో, బొటనవేలి వైపున ఉంటుంది. బొటనవేలిని బాగా పైకి చాచినప్పుడు దాని మొదట్లో చిన్న గుంట పడుతుంది. అక్కడ నొక్కితే నొప్పి కలుగుతున్నదా అని ఎముకల వైద్యులు ముందుగా చూస్తారు. ఈ ఎముకలో పడిన సన్నని చీలిక మొదటి రోజుల ఎక్స్‌రేలో కనబడకపోవడం మామూలే. అందుకే అనుమానం ఉన్నవారికి ముందుజాగ్రత్తగా కట్టు వేసి, పది నుంచి పద్నాలుగు రోజుల తరువాత మళ్లీ ఎక్స్‌రే తీస్తారు, లేదంటే ఎమ్మారై చేయిస్తారు. మిమ్మల్ని మళ్లీ రమ్మన్నది బహుశా ఈ కారణంతోనే. మొదటి రోజు ఏమీ కనిపించకపోవడాన్ని మీరు ఏమీ లేదన్న మాటగా తీసుకున్నారు.

ఈ ఎముకకు ఒక ఇబ్బంది ఉంది. దానికి రక్తం ఎక్కువగా వేళ్ల వైపు కొస నుంచి ప్రవేశించి, వెనక్కి ముంజేతి వైపుకు నడుస్తుంది. ఎముక తన నడిమి భాగంలో విరిగితే ముంజేతి వైపున్న ముక్కకు రక్తం అందే దారి దెబ్బతింటుంది. అప్పుడు ఎముక అతకడం ఆలస్యమవుతుంది, కొన్నిసార్లు అసలు అతకదు, ఆ ముక్క చచ్చుబడిపోవడమూ ఉంది. ముక్కలు పక్కకు జరగని విరుపుకు తొలి వారాల్లోనే కదలకుండా కట్టు వేస్తే చాలామందికి ఆపరేషన్ లేకుండానే అతుకుతుంది, నాలుగు వారాలు దాటితే ఆ అవకాశం తగ్గుతూ వస్తుంది. అతకని ఎముకకు తుంటి నుంచో ముంజేతి నుంచో కొంత ఎముక తీసి పెట్టి, స్క్రూతో బిగించవలసి రావచ్చు. అదీ చేయించుకోకపోతే ఏళ్లు గడిచేకొద్దీ మణికట్టు కీలు అరిగిపోతుంది. మా పెద్దన్న పాతికేళ్ల వయసులో స్కూటరు మీద నుంచి పడి, బెణుకేనని మామూలు గుడ్డకట్టు కట్టించుకుని తిరిగాడు. ఇవాళ అరవై దాటిన ఆయన ఆ చేత్తో నీళ్ల బకెట్టు ఎత్తలేడు. మీకు అదే జరిగిందని నేను చెప్పడం లేదు. చూపించుకుంటే తప్ప జరగలేదని మీరూ చెప్పలేరు.

చవితి ముందునాటి దెబ్బకు ఇప్పటికే ఆరు వారాలు నిండుతున్నాయి. కార్తీక పున్నమి నాటికి పది వారాలవుతాయి. పండుగ ఎప్పుడు వస్తుందో లెక్కించి వైద్యానికి రోజు పెట్టుకున్నారే గాని, ఎముకకు ఎంత గడువు మిగిలిందో లెక్కించలేదు.

ఇక బండి నడపడం గురించి. కుడి మణికట్టు ఎక్సలేటర్‌ను తిప్పి పట్టుకుని గంటల తరబడి వెనక్కి వంగి ఉంటుంది, గుంత వచ్చినప్పుడల్లా ఆ అదురంతా దాని మీదే పడుతుంది. ముందు బ్రేకు కూడా ఆ చేతి వేళ్లతోనే పట్టాలి, బండిని ఆపే బలంలో పెద్ద భాగం ముందు చక్రానిదే. నొప్పి ఉన్న చెయ్యి ఆ పట్టును ఒక్క క్షణం ఆలస్యం చేస్తుంది. కాళేశ్వరం దారిని మీరు నాకంటే బాగా ఎరుగుదురు. పరకాల దాటి భూపాలపల్లి చేరేసరికి బొగ్గు లారీలు, ఇసుక లారీలు వరుసగా వస్తుంటాయి. కార్తీకంలో తెల్లవారుజామున మంచు దిగుతుంది, రోడ్డు అంచున మక్కలు, వడ్లు ఆరబోసి ఉంటాయి, పత్తి నింపుకున్న ట్రాక్టర్లు వెనక దీపాలు లేకుండా పోతుంటాయి. అటువంటి దారిలో చేతి పట్టు నమ్మలేని మనిషి తనకే కాదు, ఎదురుగా వచ్చేవారికీ ప్రమాదమే. ఇతరులకు అపాయం కలిగించే శారీరక లోపం ఉందని తెలిసీ బండి నడపడాన్ని మోటారు వాహనాల చట్టం 186వ సెక్షన్ నేరంగా చూస్తుంది.

ఇంత చెప్పినా, మీ ఆదివారపు ప్రయాణాలను నేను చిన్నచూపు చూడటం లేదు. తంగేడు, గునుగు పూసిన గట్ల మధ్య నుంచి, నిండిన చెరువుల పక్కగా ములుగు వైపు వెళ్లే దారి ఈ రెండు నెలల్లో ఉన్నట్టు ఏడాదిలో మరెప్పుడూ ఉండదు. రోజంతా దుకాణంలో తల వంచుకుని కూర్చునే మనిషికి ఆ గాలి ఎంత అవసరమో నేను ఊహించగలను. అంతకుమించి, అది మీ నాన్నగారి బండి. ఆయన పోయిన తరువాత ఆయనతో ఉన్నట్టు మీకు అనిపించేది ఆ సీటు మీద కూర్చున్నప్పుడేనేమో. ఒక్క పున్నమి తప్పితే ఆయనను రెండోసారి పోగొట్టుకున్నట్టు అవుతుందన్న భయం మీ వాక్యాల వెనుక ఉందని నాకు అనిపించింది. ఆ భయానికి సిగ్గుపడవలసిన పని లేదు, దాన్ని మీ భార్యతో నోరు తెరిచి చెప్పకపోవడమే పొరపాటు.

మీ నాన్నగారు కాళేశ్వరం వెళ్లింది గోదావరి, ప్రాణహిత కలిసే చోట స్నానం చేసి, ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న ఆ గుడిలో దీపం పెట్టడానికి. ఆ రెండూ ఈసారి కూడా మానకండి. హనుమకొండ బస్టాండు నుంచి ఆర్టీసీ బస్సు ఉంది, మీ భార్య, పాప కూడా మీతో రావచ్చు. చేతికి కట్టు ఉంటే నదిలో దిగకండి, మరొకరి చేత నెత్తిన నాలుగు చుక్కలు చల్లించుకోండి. బండి ఈసారి కూడా అక్కడికి రావాలని మీ మనసు పట్టుబడితే, కూడా వచ్చే మిత్రులలో లైసెన్సు ఉండి నెమ్మదిగా నడిపేవారికి తాళం ఇవ్వండి. ఈ ఏడాది మీరు వెనక సీటు మీద కూడా వద్దు.

దుకాణం గురించి మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యమే రాశారు. అసలు కారణం అదేనేమోనని నా అనుమానం. ఆదాయం ఆగిపోతుందన్న భయాన్ని మగవాళ్లు తరచుగా ఇంకో మాట వెనుక దాస్తారు. ఈ ఎముకకు వేసే కట్టులో సాధారణంగా వేళ్ల కొసలు బయటే ఉంటాయి. ఏ పని ఎంతవరకు చేయవచ్చో వైద్యుడిని అడిగి, అంతవరకే చేయండి. స్క్రూలు విప్పే పనికి కొన్ని వారాలు ఒక కుర్రవాణ్ణి పెట్టుకుని, మీరు పక్కన కూర్చుని చెప్పి చేయించవచ్చు. మీకు ఆహారభద్రత కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో తెలుసుకోండి. 2023 డిసెంబరు నుంచి ఆ పథకం పరిమితి 10 లక్షల రూపాయలు. మీకు అవసరమయ్యే చికిత్స దాని కిందికి వస్తుందా అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర చెబుతారు.

ఇప్పుడు మీ భార్య విషయం. ఆమెకు నచ్చజెప్పవలసింది ఏమీ లేదు, ఆమె అంటున్నది సరైన మాటే. అన్నం కలుపుకోవడానికి చెంచా వెతుకుతున్న మనిషిని, పాపను ఎడమచేత్తోనే ఎత్తుకుంటున్న మనిషిని చూస్తూ, ఎక్స్‌రే బాగుందన్న మాటను ఆమె నమ్మి ఉంటుందని నేను అనుకోను. ఈ రెండు సంగతులు మీరు రాయలేదు, ఆ నొప్పితో మరోలా ఉండడం కష్టమని నేనే అనుకుంటున్నాను. ఆమె పుట్టింట్లో ఆగిపోవడం బండి మీద కోపంతో కాకపోవచ్చు. మీరు చెప్పే ఏ మాట నమ్మాలో తెలియక కావచ్చు.

కాబట్టి ఫోనులో పొడుగాటి సందేశాలు పంపకండి. ఈ ఆదివారం రామప్పకు కాకుండా జనగామకు వెళ్లండి. తేదీ ఉన్న ఆ మొదటి ఎక్స్‌రే ఫిల్మును వెంట తీసుకువెళ్లి ఆమె చేతిలో పెట్టి, రెండోది తీయించలేదని, కట్టు వేస్తారన్న భయంతో అబద్ధం చెప్పానని చెప్పండి. మీ అత్తమామలు వింటున్నా సరే, ఆ మాటను తగ్గించి చెప్పకండి. ఆ తరువాత తిరిగి ఇంటికి రమ్మని ఒత్తిడి చేయకుండా, మరునాడు ఆసుపత్రికి తోడు రమ్మని మాత్రమే అడగండి. ఆమె ఆ క్షణాన కాదన్నా, కోపంగా రెండు మాటలు అన్నా ఓర్చుకోండి. ఆరు వారాలుగా ఆమె దాచుకున్న భయం అది. ఆమె రాకపోయినా మీరు వెళ్లడం మానవద్దు.

సోమవారం ఉదయం వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోని ఎముకల విభాగానికో, మీకు నమ్మకమున్న ఎముకల వైద్యుడి దగ్గరికో వెళ్లండి. చవితికి ముందురోజు పడ్డానని, అప్పటి నుంచి నొప్పి తగ్గలేదని, ఈ మధ్య బండి కూడా నడిపానని దాచకుండా చెప్పండి, మళ్లీ బండి ఎప్పుడు నడపవచ్చో కూడా అక్కడే అడగండి. పాత ఫిల్ము మరచిపోవద్దు. జనగామకు, అక్కడి నుంచి ఆసుపత్రికి బస్సులోనే వెళ్లండి.