క్రోన్‌స్టాట్ నావికులతో మాట్లాడకుండా సైన్యాన్ని ఎందుకు పంపారు?

క్రోన్‌స్టాట్ అంటే పెట్రోగ్రాడ్ (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) దగ్గర సముద్రంలోని దీవి, నౌకాదళ కోట. 1917 రష్యా విప్లవంలో బోల్షివిక్కులకు (కమ్యూనిస్టులకు) అండగా నిలిచిన అక్కడి నావికుల మీదకే 1921లో బోల్షివిక్ ప్రభుత్వం ఎర్రసైన్యాన్ని పంపింది, కూర్చోబెట్టి మాట్లాడొచ్చు కదా అని అడిగారు. మాట్లాడాలన్న ఉద్దేశం తక్కువ, అందుకు టైమ్ అంతకన్నా తక్కువ.

అప్పటికి అంతర్యుద్ధం దాదాపు ముగిసింది. అయినా పల్లెల్లో ధాన్యం బలవంతంగా పట్టుకుపోవడం ఆగలేదు. పెట్రోగ్రాడ్‌లో తిండి లేక, బొగ్గు లేక ఫ్యాక్టరీల్లో సమ్మెలు మొదలయ్యాయి. ఆ కార్మికులకు మద్దతుగా ఫిబ్రవరి 28న పెట్రోపావ్‌లోవ్‌స్క్ యుద్ధనౌక మీద నావికులు తీర్మానం చేశారు. సోవియట్లకు, అంటే కార్మికుల, సైనికుల ప్రతినిధి సభలకు, రహస్య ఓటుతో మళ్లీ ఎన్నికలు జరపాలి, జైళ్లలోని సోషలిస్టులను వదలాలి, రైతును తన భూమిలో తన ఇష్టానికి సాగు చేసుకోనివ్వాలి. జారు చక్రవర్తిని మళ్లీ తెమ్మని ఎవరూ అనలేదు. ప్రభుత్వం మాత్రం దీని వెనక జారు కాలపు జనరల్ ఉన్నాడని ప్రచారం చేసింది. ఎన్నికలు పెడితే ఓడిపోతామన్న భయమే అసలు కారణమని నా అభిప్రాయం.

టైమ్ సంగతి నాకు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో చదువుకునేటప్పుడు అర్థమైంది. ఒక మార్చిలో క్రోన్‌స్టాట్ వెళ్లాను. ఇప్పుడు ఆనకట్ట మీద రోడ్డుంది, బస్సులోనే పోవచ్చు. గడ్డకట్టిన సముద్రం మీద ముసలాళ్లు పెట్టెలు వేసుకుని కూర్చున్నారు, మంచుకు కన్నాలు పెట్టి చేపలు పడుతున్నారు. ఎంత దూరాన ఉన్నా మనిషి నల్లగా కనిపిస్తూనే ఉన్నాడు. చెట్టు లేదు, పుట్ట లేదు. దాడికి వచ్చే సైన్యం కోట ఫిరంగులకు ఎదురుగా ఆ మంచు మీద నడిచి రావాలి! మార్చి 8న ఎర్రసైన్య సేనాని తుఖచెవ్‌స్కీ పంపిన మొదటి దాడి దెబ్బతింది. కానీ మంచు కరిగితే ఇరుక్కుపోయిన నౌకలు కదులుతాయి, నడిచే దారి పోతుంది. అందుకే 17న తెల్లవారుజామున, చీకట్లోనే మళ్లీ నడిపించారు. మర్నాటికి కోట చేజిక్కింది. సుమారు 8,000 మంది ఆ మంచు మీదుగానే ఫిన్లాండ్‌కు పారిపోయారు.

నాకు మింగుడుపడనిది ఇంకొకటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మాస్కోలో పదో పార్టీ మహాసభ ధాన్యం గుంజుకోవడం ఆపి, దాని బదులు పన్ను పెట్టింది. అంటే తిండి గురించి అడిగింది చాలావరకు ఇచ్చారు. ఓటు గురించి అడిగింది ఇవ్వకపోగా, పార్టీ లోపల గ్రూపులు కట్టడాన్నీ నిషేధించారు. తర్వాత స్టాలిన్ తన ప్రత్యర్థుల మీద వాడుకున్నది ఆ నిషేధాన్నే. తుఖచెవ్‌స్కీని కూడా 1937లో కాల్చి చంపించాడు. నావికుల మీద పడిన ద్రోహుల ముద్రను ప్రభుత్వం అధికారికంగా తీసేసింది 1994లో, రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ హయాంలో.