క్యాన్సర్ తగ్గిన అమ్మాయి డాక్టరే కావాలా?

ప్రశ్న: మా అమ్మాయికి ఆరేళ్ళప్పుడు ఏఎల్ఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. రెండున్నరేళ్ళ చికిత్సతో పూర్తిగా తగ్గింది. ఇప్పుడు ఇంటర్ సెకండియర్, బైపీసీ. నీట్ రాసి పిల్లల క్యాన్సర్ డాక్టర్ అవుతానంటోంది. అంత టెన్షన్ చదువు వద్దు, మామూలు డిగ్రీ చాలని వాళ్ళమ్మ పట్టు. జబ్బు సంగతి ఏ ఫారంలోనూ రాయొద్దని బంధువులు చెబుతున్నారు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, నల్గొండ

జవాబు: ముందు అమ్మగారి భయం గురించి. చదువు ఒత్తిడి వల్ల ఈ జబ్బు తిరగబెడుతుందనడానికి ఆధారాల్లేవు. చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఏఎల్ఎల్‌కు వాడే డాక్సోరుబిసిన్, డౌనోరుబిసిన్ లాంటి మందులు కొందరిలో ఏళ్ళ తర్వాత గుండె మీద ప్రభావం చూపుతాయి. వెన్నులోకి ఇచ్చే మెథోట్రెక్సేట్ అనే మందు వల్ల, తలకు రేడియేషన్ ఇచ్చి ఉంటే దానివల్ల కొందరిలో ఏకాగ్రత, లెక్కలు చేసే వేగం తగ్గుతాయి. నీట్‌లో 180 ప్రశ్నలకు 180 నిమిషాలే. మాక్ టెస్టుల్లో తెలిసిన ప్రశ్నలు కూడా టైం చాలక వదిలేస్తోందేమో గమనించండి. అలా జరుగుతుంటే బద్ధకమని తిట్టకుండా సైకాలజిస్టుకు చూపించండి.

చికిత్స చేసిన ఆసుపత్రి నుంచి ట్రీట్‌మెంట్ సమ్మరీ తీసుకోండి. ఏ మందు మొత్తం ఎంత డోసు ఇచ్చారు, రేడియేషన్ ఇచ్చారా లేదా అన్నది అందులో ఉండాలి. ఎకో (గుండె స్కానింగ్) ఎప్పుడెప్పుడు తీయించాలో అది చూసి డాక్టరే చెబుతారు. ముంబై టాటా మెమోరియల్‌లో చికిత్స ముగిసిన పిల్లల కోసమే ఏసీటీ (ఆఫ్టర్ కంప్లీషన్ ఆఫ్ థెరపీ) క్లినిక్ 1991లో మొదలైంది. అంటే తగ్గిన తర్వాత చూపించుకోవడం అనుమానంతో చేసే పని కాదు, మామూలు పద్ధతే.

ఇక అమ్మాయి సంగతి. "దేవుడు నిన్ను ఏదో పని కోసమే బతికించాడు" అని ఇలాంటి పిల్లలకు మన ఇళ్ళలో తెగ చెబుతారు. దాంతో డాక్టర్ చదువు రుణం తీర్చుకోవడంలా తయారవుతుంది. క్యాన్సర్ రాకపోయి ఉంటే ఏం చదివేదానివని ఆమెను విడిగా అడగండి. అప్పుడూ మెడిసినే అంటే అడ్డుపడకండి.

జబ్బు ఆమెకు నేర్పింది తక్కువేం కాదు. కాన్యులాకు నరం దొరక్కపోతే తనే రెండో చెయ్యి చాపడం, అమ్మ బాత్‌రూంలో ఏడ్చి వచ్చినా ఏమీ తెలియనట్టు బొమ్మలు వేసుకోవడం ఆరేళ్ళకే వచ్చేసి ఉంటాయి. వార్డులో ఆ అనుభవం అక్కరకొస్తుంది. కానీ అదే సూదిని ఇంకో పసివాడి వెన్నులో దించాలంటే చెయ్యి ఆడుతుందా? కొందరు ఆ స్పిరిట్ వాసనకే మళ్ళీ వెనక్కి వెళ్ళిపోతారు. ఈసారి చెకప్‌కు వెళ్ళినప్పుడు అక్కడి నర్సులతో, జూనియర్ డాక్టర్లతో కాసేపు మాట్లాడనివ్వండి. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్ళు, పీడియాట్రిక్స్ ఎండీ మూడేళ్ళు, ఆపైన పిల్లల క్యాన్సర్‌లో డీఎం అనే సూపర్ స్పెషాలిటీ మరో మూడేళ్ళు అని కూడా తెలియాలి.

సీటు రాకపోయినా ఆ వార్డుకు దారులు మూసుకుపోవు. బీఎస్సీ నర్సింగ్, రేడియోథెరపీ టెక్నాలజీ, మందులకు సంబంధించిన ఫార్మ్-డి ఉన్నాయి. అమెరికాలో హేలీ ఆర్సినో పదేళ్ళప్పుడు ఎముక క్యాన్సర్‌కు చికిత్స పొందిన సెయింట్ జూడ్ ఆసుపత్రిలోనే ఫిజీషియన్ అసిస్టెంట్‌గా (డాక్టర్లతో కలిసి రోగుల్ని చూసే ఉద్యోగం) చేరింది. 2021లో ఇన్‌స్పిరేషన్4 అనే ప్రైవేటు యాత్రలో అంతరిక్షానికీ వెళ్ళొచ్చింది. ల్యాబ్ మీద ఇష్టముంటే పరిశోధన ఉంది. మీ అమ్మాయి మింగిన మెథోట్రెక్సేట్ వెనక భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం పని ఉంది. ఆయన మెట్రిక్ పాసయ్యింది మూడో ప్రయత్నంలో!

ఫారాల విషయంలో బంధువుల మాట వినకండి. ఇంటర్వ్యూలో అడగకుండా చెప్పనక్కర్లేదు. మెడికల్ ఫారంలో, ఇన్సూరెన్స్ ప్రపోజల్‌లో పాత జబ్బుల గురించి అడిగితే మాత్రం నిజమే రాయాలి. దాస్తే రేపు క్లెయిమ్ తిరస్కరిస్తారు. రిజర్వేషన్ వస్తుందేమోనని కొందరు అడుగుతుంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో క్యాన్సర్ లేదు. చికిత్స వల్ల కాలో, వినికిడో పోయి కనీసం 40 శాతం వైకల్యం ఉందని సర్టిఫికెట్ ఉంటేనే వర్తిస్తుంది.

నీట్ ర్యాంకు వచ్చాక ఆ సమ్మరీ వివరాలు కూడా కలిపి మళ్ళీ రాయండి. ఆప్షన్లు ఎలా పెట్టుకోవాలో అప్పుడు చూద్దాం. ఆ ఉత్తరం మాత్రం అమ్మాయి చేతే రాయించండి.